ఇంటిల్లిపాదీ మోసిన జబ్బు

1995లో ‘జామా’ అనే అమెరికా వైద్య పత్రికలో ఒక సర్వే అచ్చయింది. లెస్లీ బ్లాక్‌హాల్ బృందం లాస్ ఏంజెలెస్‌లో 800 మంది వృద్ధులను కలిసి కొన్ని ప్రశ్నలు వేసింది. క్యాన్సర్ ఒళ్ళంతా పాకిందని తేలితే ఆ సంగతి రోగికి చెప్పాలా, వద్దా? చెప్పాల్సిందే అన్నవారు యూరప్ మూలాలున్న తెల్లవారిలో 87 శాతం, నల్లజాతివారిలో 88 శాతం. మెక్సికన్ అమెరికన్లలో ఆ మాట అన్నవారు 65 శాతమే. ప్రాణం నిలిపే యంత్రాల మీద ఉంచాలా, తీసేయాలా అన్న నిర్ణయం రోగిదే అన్నవారు తెల్లవారిలో 65 శాతం ఉంటే మెక్సికన్ అమెరికన్లలో 41 శాతం. అలాంటి నిర్ణయాలు కుటుంబం తీసుకోవాలన్న అభిప్రాయం వారిలో బలంగా కనిపించింది.

తెలుగు పాఠకుడికి ఈ అంకెలు వింతగా అనిపించవు. “ఆయనకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ” అని వరండాలో బతిమాలే కొడుకులూ కూతుళ్ళూ మన క్యాన్సర్ ఆస్పత్రుల్లో రోజూ కనిపిస్తారు. అయితే మెక్సికన్ అమెరికన్ల లాంటి లాటినోల సంగతిని ‘అది వాళ్ళ సంస్కృతి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అసలు కథ మరుగున పడుతుంది. రోగి మంచం పక్కన ఆ కుటుంబం అంత గట్టిగా నిలబడటం వెనక నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. డాక్టరు దొరకని చోట, భాష తెలియని వార్డులో, బీమా లేని ఇంట్లో ఎవరూ చేయని పనులన్నీ ఒక్కొక్కటిగా కుటుంబం నెత్తిన పడ్డాయి.

లాటినోలంటే ఒకే జాతి కాదు. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ఎల్ సాల్వడార్ మొదలైన ప్రాంతాల మూలాలున్నవారు అందరూ ఆ పేరు కిందికి వస్తారు. 2020 జనగణన ప్రకారం అమెరికాలో వారి సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. కొందరి పూర్వీకులు అమెరికా సరిహద్దు అక్కడికి రాకముందే టెక్సస్‌లో, న్యూమెక్సికోలో కాపురమున్నారు. కొందరు నిన్న మొన్న వచ్చినవారు. ఇంత తేడా ఉన్నవారిని కలిపే సంప్రదాయాల్లో ముఖ్యమైనది, రక్తసంబంధానికి అవతలివాళ్ళను కూడా కుటుంబంలో కలుపుకోవడం.

ఆ అలవాటు స్పెయిన్ నుంచి కాథలిక్ మతంతో పాటే అమెరికా ఖండాలకు వచ్చింది. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడినవారు బిడ్డకే కాదు, బిడ్డను కన్నవాళ్ళకూ బంధువులైపోతారు. అప్పటినుంచి పెద్దవాళ్ళు ఒకరినొకరు ‘కొంపాద్రే’, ‘కొమాద్రే’ అని పిలుచుకుంటారు. మానవశాస్త్రవేత్తలు సిడ్నీ మింట్జ్, ఎరిక్ వుల్ఫ్ 1950లో ఈ ఆచారం మీద పేరుపొందిన వ్యాసం రాశారు. ఈ బంధం కొన్నిచోట్ల సాటి కూలీలను ఒకరికొకరిని కట్టి ఉంచుతుందనీ, ఇంకొన్నిచోట్ల పేదవాణ్ణి ఊళ్ళో పెద్దమనిషితో కలుపుతుందనీ వాళ్ళు చూపించారు. కష్టం వస్తే తలుపు తట్టడానికి మరో ఇల్లు ఉండటమే దాని ప్రయోజనం.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో దక్షిణ టెక్సస్‌లో ఆ అవసరం ఎంతో ఉండేది. మైళ్ళ తరబడి డాక్టరు లేని పశువుల మేత భూములవి. గ్వాదలహారా ప్రాంతం నుంచి 1881లో లోస్ ఓల్మోస్ అనే చోటికి వచ్చి స్థిరపడిన దోన్ పెద్రీతో హరమియో అక్కడి ప్రజలకు వైద్యుడయ్యాడు. ఆయన ‘కురాందెరో’, అంటే నాటువైద్యం చేసే భక్తుడు. వైద్యానికి ఇంత అని అడిగేవాడు కాడు. ఆయన చెప్పేవి నీళ్ళు తాగమనడం, స్నానం చేయమనడం లాంటి చిన్న చిన్న చికిత్సలే. ఆయన ఊళ్ళో లేనప్పుడు వందల మంది అక్కడే గుడారాలు వేసుకుని ఎదురుచూసేవారట. 1907లో ఆయన పోయాక ఫల్‌ఫూరియస్ దగ్గరున్న సమాధి యాత్రాస్థలమైంది. జబ్బు నయం కావాలని మొక్కుకునేవాళ్ళు ఇప్పటికీ అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఫొటోలు పెడతారు.

పట్నాల్లో కథ మరోలా నడిచింది. ఫ్లోరిడాలోని టాంపా పక్కన 1880లలో చుట్టల ఫ్యాక్టరీలతో ఈబర్ సిటీ వెలిసింది. క్యూబన్లు, స్పెయిన్‌వాళ్ళు, ఇటాలియన్లు అక్కడ చుట్టలు చుట్టేవారు. సొంతవాళ్ళంతా సముద్రానికి అవతలే ఉండిపోయిన ఆ కార్మికులు సహాయ సంఘాలు పెట్టుకున్నారు. సెంట్రో ఎస్పాన్యోల్ 1891లో, సెంట్రో అస్తూరియానో 1902లో మొదలయ్యాయి. నెలనెలా చందా కట్టిన సభ్యుడికి డాక్టరు, మందులు, ఆస్పత్రి, పోతే అంత్యక్రియలు అన్నీ సంఘమే చూసేది. ఈ రెండు సంఘాలూ సొంతంగా ఆస్పత్రులే కట్టాయి. స్థానిక వైద్యుల సంఘానికి ఈ పద్ధతి నచ్చలేదు. అయినా కార్మికులు వెనక్కి తగ్గలేదు. ఫ్లోరిడా వర్ణవివక్ష కారణంగా తెల్ల క్యూబన్లతో కలిసి కూర్చోలేకపోయిన నల్ల క్యూబన్లు 1904లో లా యూనియన్ మార్తీ-మాసెయో పేరుతో తమ సంఘం తాము పెట్టుకున్నారు.

అరిజోనాలోని టక్సన్‌లో 1894లో అలియాన్సా ఇస్పానో-అమెరికానా పుట్టింది. కొలరాడోలోని ఆంతోనీతో అనే చిన్న ఊళ్ళో 1900లో సెలెదోనియో మొంద్రగోన్ నాయకత్వంలో కార్మికుల పరస్పర రక్షణ సంఘం మొదలైంది. జబ్బు పడితే సాయం, చనిపోతే కుటుంబానికి కొంత సొమ్ము, దుఃఖంలో తోడు ఇవ్వడం వీటి పని. ఆ రోజుల్లో క్యాన్సర్‌కు ఉన్న వైద్యం కొద్దిపాటి శస్త్రచికిత్స, పెద్ద నగరాల్లో రేడియం. పేద లాటినోకి ఆ రెండూ దూరమే. కాబట్టి రోగి ఇంట్లోనే మంచాన పడేవాడు. చివరిదాకా సేవ చేసేది ఇంటి ఆడవాళ్ళే.

1942లో అమెరికా, మెక్సికో ప్రభుత్వాలు ‘బ్రసేరో’ ఒప్పందం చేసుకున్నాయి. 1964 వరకు నడిచిన ఆ పథకం కింద దాదాపు 46 లక్షల కూలీ కాంట్రాక్టులు రాసుకున్నారు. వచ్చినవాళ్ళంతా మగవాళ్ళు. పెళ్ళాం బిడ్డల్ని వెంట తెచ్చుకునే వీలు అందులో లేదు. అమెరికాకు వాళ్ళ చేతులు కావాలి కానీ వాళ్ళ ఇల్లు అక్కర్లేదు. పొలాల్లో పని చేసినన్నాళ్ళు బ్యారక్‌లో పడుకోవడం, పని అయిపోయాక వెళ్ళిపోవడం, అంతే.

1965 వలస చట్టం కుటుంబాన్ని మళ్ళీ లెక్కలోకి తెచ్చింది. దగ్గరి బంధువులకు వీసాలో ప్రాధాన్యం ఇచ్చింది. అదే చట్టం పశ్చిమార్ధగోళం నుంచి వచ్చేవారి మీద మొదటిసారి సంఖ్యా పరిమితి పెట్టింది కూడా. దాంతో ఒకే ఇంట్లో ఒకరికి కాగితాలుండటం, ఒకరికి లేకపోవడం మామూలైపోయింది. 1986 వలస చట్టం కింద సుమారు 27 లక్షల మంది చట్టబద్ధ హోదా పొందారు. వారిలో అత్యధికులు మెక్సికన్లు. అలా స్థిరపడినవాళ్ళు వయసు మీద పడి రొమ్ము క్యాన్సర్‌తో, కాలేయ క్యాన్సర్‌తో ఆస్పత్రి మెట్లెక్కే నాటికి వాళ్ళ వెంట కొడుకులు, కోడళ్ళు, మనవలు, కొంపాద్రేలు ఉన్నారు.

ఆస్పత్రి అంటే భయం కూడా వాళ్ళ వెంట ఉంది. దానికి కారణాలు ఊహలు కావు. లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రభుత్వ ఆస్పత్రిలో ప్రసవానికి వెళ్ళిన తమకు, అర్థం కాని ఇంగ్లీషు కాగితాల మీద నొప్పుల మధ్య సంతకాలు పెట్టించుకుని, గర్భం రాకుండా ఆపరేషన్ చేసేశారని పదిమంది మెక్సికన్ మూలాల స్త్రీలు 1975లో కోర్టుకెక్కారు. ‘మాద్రిగల్ వర్సెస్ క్విలిగన్’ పేరుతో చరిత్రలో నిలిచిన కేసు అది. వాళ్ళ తరఫున వాదించినవారిలో యువ న్యాయవాది ఆంతోనియా హెర్నాందేస్ ఒకరు. కుటుంబం, పిల్లలు ఆ స్త్రీల జీవితంలో ఎంత ముఖ్యమో మానవశాస్త్రవేత్త కార్లోస్ వేలెస్-ఇబాన్యేస్ సాక్ష్యం చెప్పాడు. 1978లో జడ్జి జెస్సీ కర్టిస్ డాక్టర్ల వైపే తీర్పు ఇచ్చాడు. పైగా ఆ సాక్ష్యాన్నే తిప్పి, స్త్రీల వేదనకు మూలం వాళ్ళ సాంస్కృతిక నేపథ్యమేనన్నాడు. కేసు ఓడినా ఆ పోరాటం వల్ల సమ్మతి పత్రాలు స్పానిష్‌లో రావడం మొదలైంది. లాటినో రోగి ఆస్పత్రికి ఒంటరిగా పోకూడదన్న పట్టుదలకు ఇలాంటి అనుభవాలు ఎంత బలమిచ్చి ఉంటాయో ఆలోచించవచ్చు.

రోగికి నిజం చెప్పడం విషయంలో కూడా చరిత్ర తెలిస్తే ‘పరాయి అలవాటు’ అన్న ముద్ర నిలవదు. 1961లో డోనాల్డ్ ఓకెన్ షికాగో ఆస్పత్రి డాక్టర్లను అడిగితే, క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే తమ పద్ధతి అన్నవారు 90 శాతం. అప్పుడు నిజం తెలిసేది సాధారణంగా బంధువులకే. 1979లో డెనిస్ నోవాక్ బృందం అవే ప్రశ్నలు మళ్ళీ వేసినప్పుడు 97 శాతం డాక్టర్లు చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్ళలో లెక్క తలకిందులైంది. కొత్త చికిత్సలు రావడం, రోగి హక్కుల ఉద్యమం, కోర్టు తీర్పులు అన్నీ కలిసి ఆ మార్పు తెచ్చాయి. 1990లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, వైద్యంపై తమ నిర్ణయాన్ని ముందుగానే రాసిపెట్టుకునే హక్కు గురించి ఆస్పత్రులు రోగులకు చెప్పి తీరాలి. రోగి ఒక్కడే నిర్ణయకర్త అన్న నియమం అమెరికా ఆస్పత్రులకే కొత్తది. అది కుదురుకుంటున్న సమయంలోనే లాటినో కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఆ గడప తొక్కాయి.

బ్లాక్‌హాల్ సర్వేలోని 65 శాతాన్ని ఇంకోవైపు నుంచి కూడా చదవాలి. మెక్సికన్ అమెరికన్ వృద్ధుల్లో ముగ్గురిలో ఇద్దరు నిజం చెప్పమనే అన్నారు. అమెరికా జీవితానికి అలవాటుపడే కొద్దీ అలా అనేవారు పెరిగారని కూడా ఆ పరిశోధన చెప్పింది. అంటే ‘లాటినో కదా, కొడుకుతో మాట్లాడితే సరిపోతుంది’ అనుకునే డాక్టరు కూడా పొరపాటే చేస్తున్నాడు. నీకెంత తెలుసుకోవాలని ఉంది, ఎవరి సమక్షంలో తెలుసుకోవాలని ఉంది అని రోగినే ముందు అడగాలి.

కుటుంబం మీద పడ్డ బరువుల్లో అన్నిటికంటే అన్యాయమైనది దుబాసీ పని. ఇంగ్లీషు రాని తల్లికి ఆమె క్యాన్సర్ సంగతి బడికెళ్ళే కూతురు చెప్పాల్సి వచ్చిన ఇళ్ళు లెక్కలేనన్ని. బయాప్సీ అంటే ఏమిటో తెలియని పిల్ల, తల్లి బతుకుతుందో లేదో తన నోటితో చెప్పాలి. 1964 పౌరహక్కుల చట్టం జాతి, జన్మదేశం ఆధారంగా వివక్ష చూపరాదంది. భాష రానివారికి వైద్యంలో సాయం అందించాల్సిన బాధ్యత దానికిందికే వస్తుందని 2000లో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వు గట్టిగా చెప్పింది. 2003లో శిశువైద్యుడు గ్లెన్ ఫ్లోరెస్ బృందం ‘పీడియాట్రిక్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన కళ్ళు తెరిపించింది. స్పానిష్ దుబాసీ ఉన్న 13 వైద్య సంభాషణలను రికార్డు చేసి చూస్తే 396 తప్పులు దొరికాయి. సగటున ఒక్కో సంభాషణలో 31. శిక్షణ లేనివారు చేసిన తప్పులే ఎక్కువ ప్రమాదకరమైనవి. అత్యవసర పరిస్థితిలో తప్ప చిన్నపిల్లలను దుబాసీలుగా వాడరాదని ఫెడరల్ నిబంధన స్పష్టంగా వచ్చింది 2016లో. పౌరహక్కుల చట్టం తర్వాత యాభై రెండేళ్ళకు.

డబ్బు మరో బరువు. 1996 సంక్షేమ చట్టం, చట్టబద్ధంగా వచ్చిన వలసదారుల్లో కూడా చాలామందిని మొదటి ఐదేళ్ళు పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్‌కు దూరం పెట్టింది. 2010 ఆరోగ్య సంస్కరణ చట్టం కోట్లమందికి బీమా తెచ్చినా, కాగితాలు లేనివారిని ఆ చట్టం తెరిచిన బీమా మార్కెట్‌లోకి రానివ్వలేదు. అందువల్ల కీమోథెరపీ ఖర్చుకు ఇంటి బయటి చేతులు తోడవ్వాల్సి వచ్చింది. మెక్సికన్లలో ‘తాందా’ అనే పద్ధతి ఉంది. మన చీటీల్లాగే పదిమంది నెలనెలా కొంత వేసుకుని వంతులవారీగా తీసుకుంటారు. నమ్మకమే పూచీ. మాద్రిగల్ కేసులో సాక్ష్యం చెప్పిన వేలెస్-ఇబాన్యేస్ ఈ తాందాల మీదే 1983లో ఒక పుస్తకం రాశాడు. దక్షిణ టెక్సస్‌లో రోగి ఇంటివాళ్ళు, చర్చివాళ్ళు కలిసి కోడిమాంసం కాల్చి ప్లేటు లెక్కన అమ్మి ఆస్పత్రి ఖర్చులకు డబ్బు కూడబెట్టడం ఇప్పటికీ మామూలు దృశ్యం. మొక్కజొన్న పిండితో తమాలేలు చేసి అమ్మే ఇళ్ళు మరెన్నో.

ఇంత తోడు ఉన్నందువల్ల ఆరోగ్యానికి ఒనగూరేది ఏమిటని పరిశోధకులు గట్టిగా అడగడం మొదలుపెట్టింది 1980లలో. పేదరికం, బీమా లేకపోవడం ఉన్నా నైరుతి రాష్ట్రాల హిస్పానిక్ (లాటినో) ప్రజల ఆరోగ్య సూచికలు అనుకున్నదానికంటే మెరుగ్గా ఉన్నాయని 1986లో కిరియాకోస్ మార్కిడెస్, జీనీన్ కోరియల్ రాశారు. ఈ విచిత్రానికి చెప్పిన కారణాల్లో కుటుంబ మద్దతు ఒకటి. మరుసటి ఏడు ఫాబియో సబొగల్, గెరార్దో మరీన్ బృందం కుటుంబనిష్ఠను మూడు పాయలుగా విడదీసి కొలిచింది. అమెరికా జీవితానికి అలవాటుపడే కొద్దీ బంధువుల పట్ల బాధ్యత, వారి మాటే వేదమనుకోవడం తగ్గాయి. కానీ కష్టంలో నావాళ్ళు ఆదుకుంటారన్న నమ్మకం మాత్రం సడలలేదు.

ఆ నమ్మకానికి ఒక చీకటి పార్శ్వం ఉంది. ఇల్లే లోకంగా బతికిన తల్లి తన నొప్పిని ఇంట్లోవాళ్ళ దగ్గరే దాస్తుంది. పిల్లలు బెంగపడతారని ఏడుపు దిగమింగుతుంది. రేడియేషన్ చేయించుకుని వచ్చి వంట మొదలుపెడుతుంది. అందరికీ సేవ చేసే మనిషి జబ్బు పడితే ఆమెకు సేవ చేసేదెవరన్న ప్రశ్న లాటినా (లాటినో స్త్రీ) రోగులతో మాట్లాడిన పరిశోధకులకు పదేపదే ఎదురైంది. భారం మోసే కూతురు సంగతీ అంతే. ఉద్యోగం మానేసి, చదువు ఆపేసి తల్లి పక్కన కూర్చున్న ఆమెను ‘మంచి కూతురు’ అని మెచ్చుకున్నవారే గానీ, ఒక పూట విశ్రాంతి ఇచ్చినవారు తక్కువ.

దీనికి జవాబు డాక్టర్ల నుంచి రాలేదు, జబ్బును దాటి వచ్చిన స్త్రీల నుంచి వచ్చింది. 1990లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో సర్కులో దె వీదా, వాషింగ్టన్ ప్రాంతంలో నువేవా వీదా అనే సంస్థలు స్పానిష్‌లో తోడ్పాటు బృందాలు నడపసాగాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా నుంచి బయటపడిన టీవీ జర్నలిస్టు ఇసబెల్ దురోన్ 2003లో కాలిఫోర్నియాలోని శాన్‌హోసెలో లతీనాస్ కొంత్రా క్యాన్సర్ స్థాపించింది. టెక్సస్‌లోని శాన్ ఆంతోనియో కేంద్రంగా ఆమెలీ రామిరెస్ నడిపిన రేదెస్ ఎన్ అక్సియోన్ దేశమంతటా లాటినో క్యాన్సర్ పరిశోధకులను ఒక తాటి మీదికి తెచ్చింది. ఇంట్లో చెప్పుకోలేని భయాన్ని అదే జబ్బు అనుభవించిన మరో కొమాద్రేతో చెప్పుకునే చోటు రోగులకు దొరికింది.

ఈ పద్ధతి పని చేస్తుందా లేదా అన్నది కొలిచి చూసినవారూ ఉన్నారు. ఆనా నపోలెస్ బృందం ఇలాంటి సంస్థలతో కలిసి ‘నువేవో అమనెసేర్’ అనే కార్యక్రమం రూపొందించింది. శిక్షణ పొందిన లాటినా క్యాన్సర్ విజేత ఎనిమిది వారాలపాటు కొత్త రోగిని కలిసి, ఆందోళనను ఎలా తట్టుకోవాలో, ఇంట్లోవాళ్ళతో, డాక్టరుతో ఎలా మాట్లాడాలో నేర్పుతుంది. 151 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో చేసిన పరీక్షలో వారి జీవన నాణ్యత మెరుగుపడిందని 2015లో ఫలితాలు వచ్చాయి. వాషింగ్టన్‌లో నువేవా వీదా, అరిజోనాలో టెర్రీ బ్యాడ్జర్ బృందం ఇంకో అడుగు ముందుకేసి, రోగితో పాటు సేవ చేసే మనిషిని కూడా కార్యక్రమంలోకి తీసుకున్నాయి. ఆ మనిషి భర్తే అయి ఉండాలన్న షరతు అరిజోనా వాళ్ళు పెట్టలేదు. తల్లి, కూతురు, చెల్లెలు, స్నేహితురాలు, ఎవరి పేరు రోగి చెబితే వారే.

ఆస్పత్రులు కూడా కొంత మారాయి. రోగి ఎవరిని చూడాలనుకుంటే వారిని లోపలికి పంపాలని, దానికి రక్తసంబంధం ఉండనక్కర్లేదని 2011 జనవరి నుంచి ఫెడరల్ నిబంధన అమల్లోకి వచ్చింది. స్వలింగ జంటల పోరాటం వల్ల వచ్చిన ఆ నిబంధన కొంపాద్రేలకూ తలుపు తీసింది. 2020లో కోవిడ్ వచ్చి ఆ తలుపులన్నీ మూసేసినప్పుడు, ఇంటిల్లిపాదీ వెంట లేకుండా కీమో కుర్చీలో కూర్చోవడమంటే ఏమిటో లాటినో రోగులకు తెలిసొచ్చింది.

ఉద్యోగ చట్టం మాత్రం ఇంకా వెనకబడే ఉంది. 1993 ఫెడరల్ సెలవు చట్టం జబ్బుపడ్డ మనిషికి సేవ చేయడానికి పన్నెండు వారాల జీతం లేని సెలవు ఇస్తుంది. అదీ యాభై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో. ఆ చట్టం దృష్టిలో కుటుంబమంటే భార్య లేదా భర్త, బిడ్డ, తల్లిదండ్రులు. అక్కకు క్యాన్సర్ వస్తే చెల్లెలికి సెలవు లేదు. పెంచిన అమ్మమ్మకు వస్తే, ఆమే తల్లి స్థానంలో ఉండి పెంచిందని నిరూపించుకోవాలి. కొమాద్రే సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలిఫోర్నియా 2002లో జీతంతో కూడిన కుటుంబ సెలవు చట్టాన్ని దేశంలో అందరికంటే ముందు చేసింది. 2014 నుంచి తోబుట్టువులను, తాత అమ్మమ్మలను, మనవలను అందులో చేర్చింది. 2023 జనవరి నుంచి మరో చట్టం కింద, రక్తసంబంధం లేకపోయినా కుటుంబంతో సమానమైన ఒక మనిషి పేరు చెప్పి సేవ కోసం జీతం లేని సెలవు పెట్టుకునే హక్కు ఇచ్చింది. లాటినో కుటుంబాలు వందేళ్ళుగా పాటిస్తున్న నిర్వచనం ఇదే. ఫెడరల్ చట్టం కూడా దీన్ని ఒప్పుకోవాలి. ప్రతి క్యాన్సర్ ఆస్పత్రీ శిక్షణ ఉన్న దుబాసీని పెట్టి, పిల్లలను ఆ పని నుంచి విడిపించాలి.